నల్లపెట్టకు బొట్టు

ఈశ్వరమ్మ మొండిదని సూర్యాపేటల ఆ గల్లీ అంతా అంటది. అననియ్యి. లారీ మీద బస్తాలు సర్దుకుంట జారిపడి తుంటి ఇరగ్గొట్టుకున్న మొగుణ్ని మంచంల ఏసుకొని, కిరాయి ఇంట్ల ఒక్కతే సంసారం ఈడ్సుకొస్తున్న మనిషి మెత్తగ ఎట్లుంటది? ఆ మాత్రం మొండితనం లేకుంటే ఆ ఇల్లు ఎప్పుడో కూలబడుతుండె.

జంగయ్యను దవాఖాన నుంచి ఇంటికి పంపినప్పుడు డాక్టరు, "నడుస్తడు గని చానా టైం పడతది" అన్నడు. ఈశ్వరమ్మకు నడుస్తడన్న మాట ఇనబడలే, ఆ 'గని' ఒక్కటే ఇనబడ్డది. పుట్టినూరు మోతెల ఉన్న ముత్యాలమ్మను తలుసుకున్నది. "అవ్వా, ఈయన తన కాళ్ల మీద నీ గుడి ముంగట నిలబడితే నీకు నల్లపెట్టనిచ్చుకుంట" అని మొక్కింది. ఆమె కోళ్లల్ల మచ్చ లేని నల్లది ఒక్కటే ఉండె. మొక్కినంక దాన్ని అమ్మొద్దు, కొయ్యొద్దు, ఒకలకియ్యొద్దు. నడుమల అది సచ్చిందంటే మొక్కు చెడ్డట్టే. మొక్కు చెడితే మొగుని కాలు ఏమైతదో, ఆడిదాక ఆలోచన పోనిచ్చేది కాదు.

ఎవరన్న తెల్వక పట్టుకపోయి కూరొండుకుంటరేమోనని, శుక్రవారం శుక్రవారం దానికి పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టేది. నెత్తిమీద ఒకటి, రెక్కల నడుమ ఒకటి.

అంతకుముందు కోళ్లు గల్లీ పొంటి తిరిగేటివి. పూలకుండీలు గీకినయని ఓనరమ్మ లొల్లి పెట్టింది. "కోళ్లన్న బయట తిరగొద్దు, మీరన్న ఇల్లు ఖాళీ జెయ్యిండ్రి" అన్నది. లేవలేని మనిషిని పెట్టుకొని ఈమె కొత్త ఇల్లు ఏడ దేవులాడుతది? మెట్ల కిందున్న ఇంత జాగకు ఇనుప తీగల జాలీ కట్టి అన్నిటిని అండ్ల తోలింది. బయట కోళ్లకు జాలీ, లోపట ఈశ్వరమ్మకు జంగయ్య. ఒరగాల్నన్నా ఆమే, మంచినీళ్లు తాగాల్నన్నా ఆమే. కూరగాయలకు పోయి జర ఆలస్యమైతే చాలు, "ఏడ సచ్చినవ్" అని మంచంలకెళ్లి కేక. "సచ్చే తీరిక నాకేడిది" అనుకుంట ఉరికొచ్చేది.

జాలీల పడ్డంక కోళ్ల గుణం మారింది. అండ్ల ఒక ఎర్రపెట్ట ఉన్నది. దాని నడక జూసి దొరసాని అని పేరు పెట్టిండ్రు. ఆ దొరసాని నల్లపెట్టను పొడుసుడు షురూ జేసింది. నూకల కాడికి రానియ్యది, నీళ్ల ముంత కాడ నిలబడనియ్యది. దాన్ని జూసి మిగిలినయి గూడ నేర్సినయి. ఈకలు పీకి పీకి రెక్కల నడుమ తోలు బయటపడ్డది, నెత్తురు కారింది. పాపం నల్లపెట్ట మూలకు తల దూర్సి, వీపు వాటికి అప్పజెప్పి నిలబడేది. ఉరుకుదామంటే జాగ ఏడిది?

ఈశ్వరమ్మ నల్లపెట్టను తెచ్చి వంటింట్ల గంప కింద పెట్టి, చేతుల నూకలు పోసుకొని తినిపిచ్చింది. పుండు జర ఎండంగనే, మళ్ల బొట్లు పెట్టి జాలీల ఇడిసింది. ఆమె చెయ్యి ఇంక బయటికి రానేలేదు, పరాయి కోడేదో వచ్చినట్టు అన్ని కలిసి దాని మీద పడ్డయి.

పక్క పోర్షన్ల బట్టలు కుట్టే గ్రేస్‌ది కోదాడ. కోళ్ల నడుమ పెరిగిన పిల్ల. గోడ మీదికెళ్లి ఇదంత చూసేది, ఏదో చెప్పబోయి ఊకునేది. ఒకనాడు ఇగ ఆపుకోలేకపోయింది.

"అక్కా, నేను చెబితే తప్పుగా అనుకోవద్దు. దెబ్బలు తినేదాన్ని కాదు, కొట్టేదాన్ని తీసి పక్కన పెట్టు. కొన్నాళ్లు లేకపోతే దాని పెత్తనం పోద్ది. ఇంకోటి" అని నసిగింది. "ఆ ఎర్ర బొట్టు పెట్టకు. ఎరుపు కనబడితే కోళ్లు ఊరుకోవు, పొడుస్తనే ఉంటాయి."

ఈశ్వరమ్మ మొఖం మాడిపోయింది. "చర్చికి పోయేటోళ్లు మీరు. మా అమ్మవారి బొట్టు నీ కండ్లల్ల ఎందుకు పడ్డది?"

గ్రేస్ తలకాయ దించుకొని లోపటికి పోయింది.

ఆ పొద్దుగూకి నూకలు ఎయ్యబోతే నల్లపెట్ట పక్కకు ఒరిగి పడున్నది. దొరసాని దాని మీదెక్కి పొడుస్తున్నది. ఇంకేడ గాదు, రెక్కల నడుమ, సరిగ్గ ఆ బొట్టు మీద. ఈశ్వరమ్మ దొరసానిని అవతలికి తోసింది. ఇన్నొద్దులు తన చేతులతోనే ఏడ పొడువాల్నో సూపెట్టింది. నల్లదాన్ని ఒళ్లె పెట్టుకొని తడిగుడ్డ అందుకున్నది గని చెయ్యి ఆడలే. బొట్టు తుడుసుడంటే ఆడదానికి ఏం యాదికొస్తదో చెప్పాల్నా? లోపట మంచంల జంగయ్య దగ్గితే ఉలిక్కిపడ్డది. ఆయన దగ్గు ఆగిందాక ఆగి, కండ్లు మూసుకొని తుడిసింది.

గోడ కాడికి పోయి పిలిసింది. "గ్రేసూ, ఆ దొరసానిని జర పట్టు, నాతోని అయితలేదు." అంతే, తప్పైందని గూడ అనలే. గ్రేస్ ఎర్రదాన్ని పట్టి గంప కింద ఏసింది, నల్లదాని పుండుకు వేపనూనె పూసింది, మిగిలిన కోళ్ల ముక్కులకు పని ఉండాలని జాలీకి తోటకూర కట్టను ఏలాడగట్టింది. తెల్లారి కోళ్లకు జాగ సాలాలని తన వాకిట్ల సగం ఇడిసిపెట్టి జాలీని తన దిక్కు జరిపిచ్చింది.

దొరసాని తిరిగొచ్చేటాలకు దాని మాట ఇనేటోళ్లు లేకపోయిరి. నల్లపెట్టకు కొత్త ఈకలు మొలిసినయి. జంగయ్య గూడ గోడ పట్టుకొని, కట్టె పట్టుకొని, ఆఖరికి ఏం పట్టుకోకుండ నడిసిండు. ఈశ్వరమ్మ బియ్యం ఏరుకుంట కూసుంటే నల్లపెట్ట ఒచ్చి ఆమె ఒళ్లె ఎక్కేది.

"నన్ను గూడ గింత ముద్దుగ సూసుకోలే నువ్వు" అని జంగయ్య మురిపెంగ దెప్పిండు.

"నిన్ను నడిపియ్యనీకే గదా అది" అన్నది ఈశ్వరమ్మ. అన్నంక తన మాట తనకే ఇనబడ్డది. అమ్మవారికి ఇచ్చే కోడికి ఈకలు నిండుగ ఉండాలె. ఆ వీపు బోడిగనే ఉంటే ఇది బతుకుతుండెనేమో అనుకున్నది. అనుకొని, భయపడి చెంపలేసుకున్నది.

శ్రావణం రానే ఒచ్చింది. మోతెల ముత్యాలమ్మ గుడి ముంగట డప్పులు మోగుతున్నయి. జంగయ్య తన కాళ్ల మీద నిలబడ్డడు. చుట్టూ జనం చేతులల్ల కోళ్లు రెక్కలు కొట్టుకుంట ఒర్లుతున్నయి. నల్లపెట్ట ఒక్కటే ఈశ్వరమ్మ చంకల, ఇంట్ల ఉన్నట్టే నిమ్మలంగ ఉన్నది.

కత్తి పట్టుకున్నాయన దాన్ని ఎగాదిగా జూసి, "బొట్టేదమ్మా? బొట్టు లేకుండ అమ్మవారికి ఎట్ల ఇస్తవ్?" అన్నడు.

జంగయ్య కుంకుమ భరిణె మూత తీసి ముంగట పట్టిండు. ఈశ్వరమ్మ ఆయన కాళ్ల దిక్కు సూసింది. వేలు కుంకుమల అద్ది నెత్తిమీద ఒకటి పెట్టింది. రెక్కల నడుమ కొత్త ఈకలు పక్కకు జరిపి ఇంకొకటి పెట్టింది.

నూకలేమన్న తెచ్చిందేమోనని, నల్లపెట్ట ఆమె అరచెయ్యిని మెల్లగ పొడిసి సూసింది.