చించిల్లా, నా ఊపిరి

అమ్మ పోయిన మూడో నెలలో, మేడమీద అద్దెకున్న అమ్మాయికి బెంగళూరు బదిలీ అయింది. వెళ్లే ముందురోజు పెద్ద బోను ఒకటి తెచ్చి మా హాల్లో పెట్టింది. లోపల బూడిద రంగు జంతువు. కుందేలు ముఖానికి ఉడత తోక అతికించినట్టుంది. చించిల్లా అట. అక్కడి హాస్టల్లో పెంచుకోనివ్వరట.

"దీనికి చల్లగా ఉండాలక్కా, ఏసీ ఆపకూడదు" అని తమిళంలో చెబుతూ కళ్లు తుడుచుకుంది. కాదనలేకపోయాను.

కోయంబత్తూరులోని మా పాత ఇంట్లో అమ్మ గదికి మాత్రమే ఏసీ ఉంది. ఆ తలుపు మూడు నెలలుగా తెరవలేదు. బోను కోసం తెరిచాను.

నేను ఇంట్లోనే కూర్చుని తిరుప్పూరు బనియన్ల కంపెనీకి డిజైన్లు వేస్తాను. ఫోన్లో మాట్లాడేదంతా తమిళం, ఇంగ్లీషు. మా ఇంటి తెలుగు అమ్మతోనే పోయిందనుకున్నాను. మొదటి సాయంత్రం బోను ముందు కూర్చుంటే, "ఏంది అట్ల చూస్తా ఉండావు?" అని నోట్లోంచి వచ్చేసింది. నా గొంతుకు నేనే ఉలిక్కిపడ్డాను. అది మీసాలు కదిలించింది. వారం తిరిగేసరికి నా వేళ్ల మధ్య నుంచి ఎండుగడ్డి పోచలు లాక్కుని తినసాగింది.

నాకు తుమ్ములు కూడా ఆ వారమే మొదలయ్యాయి. చించిల్లాకు నీళ్ల స్నానం పనికిరాదు. మెత్తని బూడిదలాంటి పొడి పళ్లెంలో పోస్తే అందులో పడి పొర్లుతుంది. ఆ పొడి గదంతా లేచేది. కళ్లు దురదలు, తర్వాత ఛాతీలో పిల్లికూతలు. ఏది పడదో తెలుసుకోవడానికి డాక్టరు నా చేతిమీద వరసగా సూదులు గుచ్చి చూశాడు. గడ్డికీ దుమ్ముకీ దద్దుర్లు లేచాయి.

"దాన్ని చూసుకోవడానికి ఇంట్లో ఇంకెవరున్నారు?" అన్నాడు.

"ఎవరూ లేరు."

ఆయన రాస్తున్నవాడల్లా ఆగి నావైపు చూశాడు. "అయితే ఎవరికైనా ఇచ్చేయండి."

ఇవ్వలేదు. మాస్కు, చేతులకు గ్లవ్స్, తలకు గుడ్డ కట్టుకుని గదిలోకి వెళ్లేదాన్ని. అది నన్ను గుర్తుపట్టడం మానేసింది. తలుపు తీయగానే చెక్కపెట్టెలో దూరేది. మాస్కు తీసి పలకరిస్తే బయటికొచ్చేది. అయిదు నిమిషాల్లో నా ఛాతీ బిగిసేది. ఆ అయిదు నిమిషాల కోసం రోజూ మాస్కు తీసేదాన్ని.

ఒక మధ్యాహ్నం గడ్డి మారుస్తుంటే ఊపిరి అందలేదు. డాక్టరిచ్చిన ఇన్‌హేలర్ పీల్చినా తగ్గలేదు. గోడ పట్టుకుంటూ గేటుదాకా వెళ్లాను. పక్కింటి పెద్దమ్మ చూసింది. వాళ్లూ మా తెలుగువాళ్లే, కానీ అమ్మ కర్మలయ్యాక మా గడప తొక్కలేదు. ఆటో పిలిచి ఆస్పత్రికి తీసుకెళ్లింది.

"ఒక ఎలక కోసరం ప్రాణం ఇస్తావా మే? పక్కన నేను ఉండా కదా, ఒక మాట చెప్పకూడదా?" అంది దారంతా. బదులు చెప్పడానికి నాకు ఊపిరి లేదు.

మర్నాటి నుంచి గడ్డీ, పొడిస్నానమూ ఆమే చూసుకుంది. నేను వరండాలో నిలబడి, మూసిన కిటికీ అద్దంలోంచి చూసేదాన్ని. "రా కుట్టీ, కూసో" అని చంటిపిల్లను పిలిచినట్టు ఆమె దాన్ని ఒళ్లోకి పిలిచేది. నెలరోజులకు అది ఆమె భుజమెక్కి చెవికమ్మ లాగుతోంది. సంతోషం వేసింది. అద్దంమీద వేలితో తట్టాను. అది తల తిప్పలేదు.

ఆ రోజే అన్నాను, "పెద్దమ్మా, దీన్ని మీ ఇంటికి తీసుకపోండి. ఏసీ నేను మార్పిస్తా."

ఆమె చీరకంటిన గడ్డి దులుపుకుంది. "అప్పుడు నీకు ఎవురుండారు మే?"

"రోజూ వచ్చి చూస్తా కదా."

ఏసీ, బోను పక్కింటికి చేరాయి. ఇప్పుడు నాకు పిల్లికూతలు లేవు. సాయంత్రం వాళ్ల గది గడపలో నిలబడతాను. అది ఒకసారి చూసి మళ్లీ గడ్డి నములుతుంది. పెద్దమ్మ కాఫీ తాగి పొమ్మంటుంది. "పని ఉండాది పెద్దమ్మా" అని వచ్చేస్తాను. ఆదివారం కూడా అదే చెబుతాను.