అమ్మ దగ్గు, గుంటూరు చదువు

మొన్నామధ్య మా మనవరాలు ఫోను పట్టుకుని నా మంచం మీదికి చేరి, దగ్గర్లోని నర్సింగ్ స్కూల్లో మూడేళ్ళ డిప్లొమా చెయ్యనా, యూనివర్సిటీ కాలేజీలో నాలుగేళ్ళ బీఎస్సీ చెయ్యనా అని అడిగింది. ఆ మాట వినగానే, చిత్రంగా, నా చెవుల్లో మా అమ్మ దగ్గు వినిపించింది.

మాది పొదిలి పక్కన పల్లె. నాన్న ఆదివారాలు చర్చిలో పాటలు పాడించేవాడు, మిగతా రోజుల్లో అమ్మతోపాటు కూలికి వెళ్ళేవాడు. మిరప కల్లాల్లో ఏళ్ళ తరబడి ఆ ఘాటులో కూర్చుని తొడిమలు తీసీ తీసీ అమ్మకు ఉబ్బసం పట్టుకుంది. నేను ఇంటర్ పాసైన వేసవిలో రెండుచోట్లా సీటు వచ్చింది. ఒకటి గుంటూరులో డిగ్రీ, రెండోది మా ఊరికి దగ్గరున్న మిషన్ ఆసుపత్రిలో డిప్లొమా. ఆ రోజుల్లో నర్సు చదువులో డిగ్రీ అంటే మా వైపు ఎవరూ విననైనా వినలేదు, అందుకే నాన్న నన్ను బస్సెక్కించి గుంటూరు తీసుకెళ్ళి ఆ కాలేజీ చూపించి, తనే అందులో చేరబోతున్నంతగా మురిసిపోయాడు.

తిరిగొచ్చిన వారంలోనే అమ్మకు ఆయాసం ముదిరింది. మిషన్ ఆసుపత్రికి తీసుకెళితే, అక్కడి నర్సమ్మ అమ్మను లేపి కూర్చోబెట్టి, తలగడ ఒళ్ళో పెట్టి ముందుకు వాల్చి, వీపు నిమురుతూ ఊపిరి కుదుటపడేదాకా పక్కనే ఉంది. ఆ పని నాకూ రావాలని, అదీ అమ్మకు దగ్గరగా ఉంటూనే నేర్చుకోవాలని అప్పుడే అనుకున్నాను. ఇంటికొచ్చాక ఆ మాట చెబితే నాన్న తువ్వాలు భుజాన వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. అమ్మ మాత్రం ఊరుకోలేదు.

"నా దగ్గుకి కాపలా కాస్తావటే? నేనేమన్నా అడిగానా నిన్ను? పో, గుంటూరు పో!"

నేను వెళ్ళలేదు, మిషన్ ఆసుపత్రి స్కూల్లోనే చేరాను. చేర్పించడానికి అమ్మ రానే లేదు. కొన్నాళ్ళకు హాస్టలు గేటు దగ్గరికి గోంగూర పచ్చడి పట్టుకొచ్చి, నా చేతిలో పెట్టి, ఒక్క మాటైనా మాట్లాడకుండా బస్సెక్కింది. ఆ అలక అలాగే సాగింది, పచ్చళ్ళు మాత్రం ఆగలేదు. నా చదువు పూర్తికాకముందే అమ్మ ఆయాసంతో మళ్ళీ ఆ ఆసుపత్రి వార్డుకే వచ్చింది. ఈసారి తనను ముందుకు వాల్చి వీపు నిమిరింది నేనే. "నువ్విలా పట్టుకుంటే హాయిగా ఉందే" అంది. నాతో అమ్మ అన్న చివరి మాట అదే.

ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు అయ్యాక, డిప్లొమా చదివినవాళ్ళకూ డిగ్రీ చేసే వీలుందని తెలిసి, తల నెరుస్తున్న వయసులో గుంటూరులోనే చేరాను. నడుం వంగిన నాన్న వద్దన్నా వినకుండా నా సంచీ మోసుకుంటూ వచ్చి, గేటు దగ్గర వాచ్‌మన్‌తో, "మా అమ్మాయండి, ఇక్కడే చదువుతుంది" అన్నాడు. ఆయన పక్కన నేను పావడా కట్టుకున్న పిల్లలా నిలబడిపోయాను.

ఇప్పుడు నేను డిప్లొమా చదివిన ఆ మిషన్ స్కూలు మూతపడింది. మనవరాలు నా కథంతా విని, నాలుగు రోజులు ఆలోచించుకుని యూనివర్సిటీకే మొగ్గింది. మంచిదే, దానికి ఎవరినీ వదిలి వెళుతున్నానన్న బెంగ లేదు. కానీ మా కాలంలో ఒక ఆడపిల్ల చదువంటే ఇంటిల్లిపాదీ అరుచుకుని, అలిగి, అన్నాలు మానేసి తేల్చుకునే వ్యవహారం. దీని విషయంలో ఇంట్లో ఒక్కరూ గొంతు పెంచలేదు, "సరే, నీ ఇష్టం" అని ఎవరి పనుల్లోకి వాళ్ళు వెళ్ళిపోయారు. ఎవరైనా ఒకరు కాసేపు అలిగి ఉంటే బావుండునని, ఎందుకో, నాకనిపించింది.