గ్రైండర్ హెడ్‌తో వడ్ల బస్తాల సందులోకి

సూర్యాపేట కొత్త బస్టాండులో కోదాడ బస్సు ఎక్కేటప్పటికి ఉదయం ఆరున్నర. మేము ఇద్దరం, మా మధ్య ఒక ఇనుప చట్రం. నాతో వచ్చినవాడు నా క్లాస్‌మేట్ మల్లేష్. ఊరు ఆత్మకూర్ (ఎస్). ఇంటి దగ్గర గొర్రెలు కాస్తాడు, కాలేజీలో వైరింగ్ చేస్తాడు. రెండు చోట్లా ఒకటే ఓపిక. ఇనుప చట్రం మా రోబో. దానికి మోటార్లు, బ్యాటరీ, రిమోట్ అన్నీ ఉన్నాయి. మోటార్ల తిరుగుడును చక్రాలకు చేర్చే భాగం మాత్రం లేదు. అది కోదాడలో కొని, బిగించి, మర్నాడు మిర్యాలగూడలో పోటీకి దింపాలి.

పోటీ పెట్టింది అక్కడి ఒక ఇంజనీరింగ్ కాలేజీ. వడ్ల బస్తాలను రెండు వరుసలుగా పేర్చి మధ్యలో సన్నని సందు వదులుతారు. పదిహేను కిలోల వడ్ల సంచిని మోసుకుంటూ రోబో ఆ సందులో వెళ్లి, ఒక మలుపు తిరిగి, అవతల బయటపడాలి. రోబో వెడల్పు అడుగు దాటకూడదు. మా మోటార్లు పొడవైనవి. అడ్డంగా పెడితే అడుగున్నర అవుతుంది. అందుకని వాటిని చట్రం పొడవునా పడుకోబెట్టి, తిరుగుడును తొంభై డిగ్రీలు మళ్లించాలి. నిరుడు దీనికి డ్రిల్లు మిషన్‌కు తగిలించే చౌక వంపు అటాచ్‌మెంట్లు వాడాం. సందు మధ్యలో వాటి పళ్లు రాలిపోయాయి. రోబోను చేతులతో ఎత్తుకుని బయటికి తెచ్చాం.

ఈసారి కూడా సందు దాటకపోతే రోబోటిక్స్ గదిని పాత బెంచీలకు ఇచ్చేస్తానని మా హెచ్‌ఓడీ సార్ చెప్పారు. కోపంగా చెప్పి ఉంటే ఇంత భయం వేసేది కాదు. హాజరు వేసుకుంటూ, మామూలుగా చెప్పారు.

కోదాడలో దిగేసరికి ఎనిమిది కావస్తోంది. బస్టాండు ఎదురుగా ఇడ్లీ తిన్నాం. చట్నీలో అల్లం ఎక్కువ, ఇడ్లీ మెత్తన. ఎవరైనా ఇదే దారిలో వెళ్తే అక్కడే తినవచ్చు. పవర్ టూల్స్ రిపేరు దుకాణం తొమ్మిదికి తెరిచారు. మాకు కావలసింది చేతి గ్రైండర్ హెడ్. ఇనుము కోయడానికి, వెల్డింగ్ అతుకులు అరగదీయడానికి వాడే ఆ గ్రైండర్‌లో మోటారు నిలువునా ఉంటుంది, రాయి దానికి అడ్డంగా తిరుగుతుంది. రెండింటినీ కలిపేది ముందున్న హెడ్. లోపల గట్టి ఉక్కు పళ్లచక్రాలు రెండు, బేరింగులు, పైన అల్యూమినియం పెట్టె. అంటే మాకు కావలసిన మలుపు అందులో సిద్ధంగా ఉంది. ఇది నాకు తట్టిన రోజు నుంచి మల్లేష్ నన్ను సైంటిస్టు అని పిలుస్తున్నాడు, సగం ఎగతాళిగానే.

"గ్రైండర్ లేకుండా హెడ్లు రెండేం చేసుకుంటారు బాబూ?" అని దుకాణం ఆయన అడిగాడు.

"రోబోకు చక్రాలు బిగిస్తం అన్నా," అన్నాడు మల్లేష్.

"దీనికి రాయి బిగిస్తే నిప్పులొస్తాయి. చక్రం బిగిస్తే ఏమొస్తాయండీ?"

"ప్రైజ్ వస్తది."

"వస్తే మా బోర్డు ముందు నిలబడి ఫొటో దిగాలి మరి!"

పక్క వీధిలో లేత్ మిషన్ మీద రెండు బుష్‌లు, అంటే ఇరుసుకు తొడిగే చిన్న ఇనుప గొట్టాలు, చేయించాం. వాటితో మోటారు ఇరుసు హెడ్‌లోని చిన్న పళ్లచక్రంలో సరిగ్గా కూర్చుంది. రాయి ఉండే చోట నైలాన్ చక్రం పెట్టి, గ్రైండర్ నట్టుతోనే బిగించాం. హెడ్‌కు ఎక్కడా రంధ్రం వేయలేదు, వెల్డింగ్ పెట్టలేదు. పాడైతే ఏ ఊళ్లోనైనా కొత్తది కొని పది నిమిషాల్లో మార్చుకోవచ్చు. ఆ సంగతి నేను దుకాణం ఆయనకు రెండుసార్లు చెప్పాను. ఎడమ వైపు దాన్ని వైస్ దవడల మధ్య బిగించి, చక్రానికి తాడు చుట్టి, బరువు లాగించి చూశాం. చక్కగా లాగింది.

"కుడిది గూడ సూద్దమా?" అన్నాడు మల్లేష్.

"రెండూ ఒకే డబ్బాలకెల్లి వచ్చినయి గదరా," అన్నాను నేను.

మధ్యాహ్నం రెండుకు మిర్యాలగూడ బస్సు దొరికింది. హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా వెళ్తుంది. సాగర్ కాలువ కింద కోతలు సాగుతున్నాయి. రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోశారు, మిగిలిన సగంలోనే బస్సు, లారీలు, ట్రాక్టర్లు. తేమ చూపించడానికి సంచిలో వడ్లు పట్టుకుని మిల్లుకు పోతున్న ఒక రైతు మా పక్కన కూర్చున్నాడు. రోబోను మోకాలితో మెల్లగా తోసి చూశాడు.

"ఇది బస్తాలు మోస్తదా? హమాలీకైతే చాయ్ తాగిపిస్తం. దీనికేం తాగిపిస్తరు?"

"కరెంటు, కాకా."

"మా దగ్గర అదొచ్చేదాక ఇది పండుకుంటదన్నట్టు," అని నవ్వాడు.

మిర్యాలగూడలో రైల్వే స్టేషన్ దగ్గర లాడ్జిలో దిగాం. గది శుభ్రంగానే ఉంది, ఫ్యాను మాత్రం ఒకే వేగంతో తిరుగుతుంది. పొద్దున్నే ఆటోలో కాలేజీకి చేరాం. ఊళ్లో ఎటు తిరిగినా ఊక వాసన.

పది గంటలకు ప్రాక్టీసు. సంచి ఎత్తి రోబో మీద పెట్టాం. సందులో సగం దూరం వెళ్లింది. అప్పుడు కుడి చక్రం నట్టు ఊడి, చక్రం దొర్లుకుంటూ మాకంటే ముందు మలుపు దగ్గరికి చేరింది. చుట్టూ ఉన్నవాళ్లు ఈలలు వేశారు. నేను నట్టును ఇంకా గట్టిగా బిగించాను. మళ్లీ కుడిదే ఊడింది. ఎడమది కదలలేదు.

"కుడి దిక్కు దయ్యం పట్టినట్టుందిరా సైంటిస్టు," అన్నాడు మల్లేష్. "వెనుకకు నడిపిద్దమా?"

ఆ మాటతో నాకు సంగతి అర్థమైంది. గ్రైండర్ ఎప్పుడూ ఒకే వైపు తిరుగుతుంది. రాయి మీద ఒత్తిడి పడేకొద్దీ నట్టు బిగుసుకునేలా దాని మరలు కోస్తారు. రోబోలో రెండు హెడ్లూ ఒకదానికొకటి ఎదురుగా ఉంటాయి. ముందుకు వెళ్లేటప్పుడు ఎడమది గ్రైండర్ తిరిగే వైపే తిరుగుతుంది, కుడిది దానికి వ్యతిరేకంగా. బరువు పడగానే అక్కడ నట్టు విప్పుకుంటుంది.

"వెనుకకు నడిపిస్తే ఎడమది ఊడుతదిరా," అన్నాను.

"అయితే ఇగ ఎత్తుకపోవుడేనా, నిరుటి లెక్క?"

కుడి హెడ్‌ను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. చక్రానికి లోపలి వైపు ఒక ఉక్కు బిళ్ల ఉంటుంది. దాని నడిమి రంధ్రం గుండ్రంగా ఉండదు, రెండు వైపులా చదునుగా ఉంటుంది. ఇరుసు కూడా అక్కడ చదునే. కాబట్టి బిళ్ల ఎటు తిప్పినా ఇరుసు మీద జారదు. చక్రాన్ని తిప్పే పని మేము నట్టు మీద పెట్టాం. ఆ పని బిళ్లకు అప్పజెబితే చాలు. చక్రాన్ని మూడు బోల్టులతో బిళ్లకే బిగిస్తే, నట్టు ఊరికే పట్టుకుని ఉంటుంది. దాని మీద ఇంకో నట్టు బిగిస్తే అదీ కదలదు.

మాకు డ్రిల్లు మిషన్ లేదు. పక్క టేబుల్ మీద ఖమ్మం జట్టుది ఉంది. ఆ జట్టు అమ్మాయి మా చక్రం దొర్లడం చూసి అందరికంటే ఎక్కువ నవ్వింది. వెళ్లి ఆమెనే అడిగాను.

"ఇస్తాం గానీ, బిట్టు ఇరగ్గొడితే మీ రోబోని మేం తీసుకుపోతాం," అంది.

"తీస్కపోండి అక్కా, దారిల చక్రాలు మీరే ఏరుకోవాలె," అన్నాడు మల్లేష్.

మల్లేష్ పరుగున వెళ్లి రైస్‌మిల్లు స్పేర్ పార్టుల దుకాణం నుంచి బోల్టులు, నట్లు తెచ్చాడు. ఆ ఊళ్లో అలాంటి దుకాణం కోసం వీధి దాటాల్సిన పని లేదు. బిళ్లలను చెక్క మీద బిగించి, నూనె చుక్కలు వేస్తూ రంధ్రాలు వేశాం. ఈసారి రెండు వైపులకీ వేశాం. రెండింటినీ బరువు పెట్టి, ముందుకూ వెనక్కూ లాగించి చూశాం. బిట్టు విరగలేదు.

భోజనాల తర్వాత మా వంతు వచ్చింది. రిమోట్ మల్లేష్ చేతిలో ఉంది. గొర్రెలను సందులోకి తోలేవాడు తొందరపెట్టడు. రోబోను కూడా అలాగే నడిపాడు. మలుపు దగ్గరే అసలు పరీక్ష. అక్కడ రోబో ఒక చక్రాన్ని ముందుకు, ఒకదాన్ని వెనక్కు తిప్పాలి. ముందు ఒక మూల బస్తాకు ఆనింది. కొంచెం వెనక్కి వచ్చింది. మళ్లీ తిరిగింది. ఆ తర్వాత వడ్ల సంచితో సహా తిన్నగా వెలుతురులోకి వచ్చేసింది. ఖమ్మం అమ్మాయే ముందుగా చప్పట్లు కొట్టింది.

మాది మూడో స్థానం. మొదటి రెండు జట్లవీ కొనుక్కొచ్చిన గేర్‌బాక్సులే. న్యాయనిర్ణేతల్లో ఒకాయన వంగి, మా హెడ్ విప్పించి, పళ్లు చూసి, "ఇది ఎవరి ఆలోచన?" అని అడిగారు. మల్లేష్ నా వైపు వేలు చూపించాడు. అప్పుడు వాడి ముఖంలో ఎగతాళి లేదు. ఇంత గర్వపడిన రోజు నాకు ఇంకొకటి గుర్తు లేదు.

సాయంత్రం సూర్యాపేట బస్సు ఎక్కి సార్‌కు ఫోన్ చేశాను. అంతా విని, "పూర్తిగా దాటిందా? చెయ్యి పెట్టకుండా?" అని అడిగారు. దాటిందన్నాను. "సరే. బెంచీలకు ఇంకో చోటు చూడమని చెప్తాను," అన్నారు. మల్లేష్‌కు చెబితే, సీటు వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు.

ఈ ప్రయాణంలో నేను తెలుసుకున్నది ఒకటే. బజారులో కొన్న భాగం తన పాత పని అలవాటును వెంట తెచ్చుకుంటుంది. ఆ అలవాటు తెలుసుకుని వాడితే, ఏ ఊళ్లో అయినా రోబో తయారవుతుంది.

పెన్‌పహాడ్ దగ్గరికి వచ్చేసరికి వెనక సీట్లో ఉన్న ఒక అవ్వ బియ్యం సంచితో లేచింది. మా రోబో మీద సంచి ఆనించి, "గిదేంది బిడ్డా?" అంది.

"బస్తాలు మోసేదవ్వా."

"మోస్తే నాది మోయమను మరి. గీడనే దిగేది."

మల్లేష్ నా వైపు చూశాడు. నేను స్విచ్ వేశాను. బస్సు ఆగాక, సీట్ల మధ్య దారిలో రోబో అవ్వ సంచిని మోసుకుంటూ బయల్దేరింది. జనం కాళ్లు ముడుచుకున్నారు. కండక్టర్ "దీనికి టికెట్ ఎవరు తీసుకున్నరు?" అని అరిచాడు, తప్పుకుని దారి కూడా ఇచ్చాడు. డ్రైవర్ పూర్తిగా వెనక్కి తిరిగి కూర్చున్నాడు. తలుపు దగ్గర మెట్లు రాగానే రోబో ఆగిపోయింది.

"మెట్లు దిగదా?" అంది అవ్వ.

సంచి నేనే ఎత్తి కింద పెట్టాను.

"వచ్చే ఏడు దిగుతదవ్వా," అన్నాడు మల్లేష్.