కోట గుమ్మంలో ముసలమ్మ

పుప్పాలగూడలోని ఆ అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో పనివాళ్లు కుర్చీల్లో కూర్చోకూడదని ఎక్కడా రాసి లేదు. రాయాల్సిన అవసరం ఎవరికీ రాలేదు, అంతే. ఏడేళ్లుగా అక్కడ నేల తుడుస్తున్న బాలమ్మ ఒక్కసారి కూడా కూర్చోలేదు. ఆమె కూతురు భవాని మాత్రం ప్రతి ఆదివారం మధ్యాహ్నం కూర్చుంటుంది, అదీ బల్లకి తలవైపు కుర్చీలో. పదహారేళ్ల ఆ పిల్లకి ఆ కుర్చీ అంటే ప్రాణం.

దాన్ని నోటితో సంపాదించుకుంది. ఆ అపార్ట్‌మెంట్ పిల్లలు రోహిత్, రసజ్ఞ, ఆకాష్ ఆడే ఆటలో ఒకరు కథ చెబుతారు, మిగిలినవాళ్లు కథలో వీరులవుతారు. ఏ పని చేయబోయినా ఇరవై ముఖాల పాచిక వేయాలి, పెద్ద అంకె పడితే పని అయినట్టు. రోహిత్ దగ్గరున్న ఇంగ్లీషు ఆట పుస్తకం ఇటుకంత లావు. అతను అందులోది చదువుతుంటే మిగతా ఇద్దరూ ఆవలించేవారు. ఓరోజు తల్లి కోసం గోడవార నిలబడిన భవాని ఉండబట్టలేక, "రాక్షసుడు ఊకెనే తలుపు తీస్తడా? ముందు వాసన చూస్తడు" అంది. ఆ రోజు నుంచి కథ ఆమెదే.

ఎండాకాలం సెలవుల్లో తనే ఓ ఆట పుస్తకం రాయడానికి కూర్చుంది. రెండు వందల పేజీల నోట్‌బుక్. మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో ఒక రూలు: పాచిక చెప్పిందే జరగాలి, కథ చెప్పేవాళ్లు అడ్డుపడకూడదు. పుస్తకంలో ఏమేం కావాలని ముగ్గురినీ అడిగింది. రోహిత్‌కి రహస్య దారులు కావాలి, ఆకాష్‌కి భూతాలు. రసజ్ఞ కాసేపు ఆలోచించి, "నిజం మనుషులు కావాలి. ఆ పుస్తకాల్లో ఊరివాళ్లంతా అట్టబొమ్మల్లా ఉంటారు" అంది.

భవానికి నిజం మనుషులకేం కరువు! కోట గుమ్మంలో దాహమన్నవాళ్లకి నీళ్లిచ్చే ముసలమ్మని పెట్టింది. మోకాళ్ల నొప్పి, కొంగున తాళంచెవుల గుత్తి, ఎవరు కదిలినా "జర పైలం బిడ్డా" అనే మాట. అన్నీ అమ్మవే. రాసుకుని, చదువుకుని మురిసిపోయింది.

ఆదివారం వీరులు ముగ్గురూ కోటకి వచ్చి ఆ నీళ్లు తాగారు. అవతలి మూల బాలమ్మ నేల తుడుస్తోంది.

"ఆ తాళాలు మాకిచ్చెయ్యమను" అన్నాడు రోహిత్.

భవాని గొంతు మార్చింది. "ఇయ్యరాదు బిడ్డా. నా నౌకరి పోతది."

"అయితే చంపేద్దాం."

"ఆమె మీకు నీళ్లిచ్చింది గదా!" ఈసారి సొంత గొంతే.

"అడ్డుపడకూడదు. నీ రూలే" అన్నాడు ఆకాష్.

పాచిక దొర్లింది. పద్దెనిమిది.

పుస్తకం మూసి లేచిపోవచ్చు. లేస్తే మళ్లీ గోడవారే. భవాని లేవలేదు. కనీసం సిగ్గుపడతారేమో అనుకుని ముసలమ్మని మోకాళ్ల మీద పడేసింది. "నాకొక్కతే బిడ్డ, ఇడిసిపెట్టుండ్రి" అని ఏడ్పించింది. ఆకాష్ పడీపడీ నవ్వాడు. "మళ్లీ అనవా, ప్లీజ్!" అని ఫోన్ తీసి రికార్డు చేసుకున్నాడు. భవాని మళ్లీ అంది.

రసజ్ఞ కళ్లు మెరిసిపోతున్నాయి. "సూపర్ భవానీ! ఆ ఇంగ్లీషు పుస్తకంలో వాళ్లని చంపితే ఏమీ అనిపించదు. ఈమె ఎంత బాగా బతిమాలిందో! ఇలాంటివాళ్లని ఇంకో నలుగురిని పెట్టు."

గేటు దగ్గర సెక్యూరిటీకి సంచి విప్పి చూపించి బయటపడ్డాక బాలమ్మ అడిగింది. "అందరు మస్తు నవ్విన్రు గదనే. ఇంతకీ ఆ ముసల్ది ఏం జేసింది?"

"ఏం జెయ్యలే."

"మరి ఊకెనే సంపిన్రా?"

"ఆటల గంతే అమ్మా."

"పోనీతీ. నిన్నయితే కుర్చీల కూసోబెట్టిన్రు" అంది బాలమ్మ సంతోషంగా.

ఇంటికెళ్లాక భవాని నోట్‌బుక్ తెరిచింది. వాళ్లంటే అసహ్యం వేసింది, తనంటే ఇంకా ఎక్కువ. అయినా పెన్ను పట్టింది. పక్క గదిలో కిరాయికి ఉండే సక్కుబాయి గుర్తొచ్చింది. కూర ఎక్కువైతే గిన్నెలో తెచ్చిచ్చే మనిషి. ఆమె వంకర పన్నూ, నవ్వూ రాసింది. కాసేపాగి, ఆమె చంకలో ఒక చంటిబిడ్డని పెట్టింది. అప్పుడైతే బాగా బతిమాలుతుంది.