మాజు అమ్మవారు నవ్విన ప్రశ్న

ఎవరు మనవాళ్ళో ఎవరు పరాయివాళ్ళో సియూలువాన్‌కు ఇంతవరకూ ఎవరూ సరిగా చెప్పలేదు. చెప్పినవాళ్ళు కూడా కొన్నాళ్ళకు మాట మార్చారు. ఆమె చిన్నప్పుడు ఎదురుగట్టు చైనా నుంచి, వాళ్ళ ఏలుబడిలో లేని మా జిన్‌మెన్ ద్వీపం మీద ఫిరంగి గుండ్లు పడేవి. తల్లి ఆమెను చంకనేసుకుని సొరంగంలోకి పరుగెత్తేది. అప్పుడు తొడుక్కున్న లాగు అమెరికా పంపిన గోధుమపిండి సంచితో కుట్టింది. పెద్దయ్యాక గుండ్లు ఆగాయి, రెండు గట్ల మధ్యా పడవలు తిరిగాయి, ఎదురుగట్టు షియామెన్ కుర్రాడే ఆమెకు అల్లుడయ్యాడు. ఆ పెళ్ళికి మా వీధి వీధంతా పడవెక్కి వెళ్ళి, పీకల దాకా తినొచ్చింది. అప్పుడెవరికీ ఏ అభ్యంతరమూ లేకపోయింది.

ఇప్పుడు కూతురు హుయిటింగ్ ఆ గట్టున ప్రసవించింది. అత్తగారు లేని ఇల్లు. బాలింతకు నెలంతా పథ్యం వండిపెట్టాల్సింది తల్లే. నల్లనువ్వుల నూనెలో అల్లం వేయించి, బియ్యపు సారా పోసి కోడిని ఉడికించడం ఆ అల్లుడికేం తెలుసు?

కానీ కొడుకు జియేన్‌హోంగ్ మా తీరరక్షక దళంలో ఉన్నాడు.

"ఈ నెల అక్క దగ్గరికి వెళ్ళొద్దమ్మా," అన్నాడు అన్నం తింటూ. "అక్క ఎక్కడుంటుంది, మీవాళ్ళు ఎన్నిసార్లు పోయొస్తుంటారు అని మొన్నే పైవాళ్ళు అడిగారు. నన్ను పడవ మీంచి దింపేస్తారు."

"మనవణ్ణి చూడ్డానికి వాళ్ళనడగాలట్రా?"

"చైనా ఓడలు రోజూ మన నీళ్ళలోకి వస్తున్నాయే! రేపు నిజంగానే మీద పడితే అమెరికా తప్ప దిక్కెవరు మనకి?"

ఆ మాటే ఫోన్లో కూతురితో అంటే ఆ పిల్ల కస్సుమంది. "ఆ అమెరికా ఇక్కడి ఫ్యాక్టరీలకి మిషన్లు అమ్మనివ్వకపోబట్టే కదా ఈయన ఉద్యోగం ఊడింది! తమ్ముడికి చెప్పు." ఇంకా ఏదో అనబోయి, "ఫోన్లో వద్దులేమ్మా" అని గొంతు తగ్గించేసింది. అక్కడ అంతే, అన్నీ అనకూడదు. ఇక్కడ టీవీలో అందరూ అన్నీ అంటారు, ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. సియూలువాన్‌కు తల తిరిగిపోయింది. ఇద్దరూ కడుపున పుట్టినవాళ్ళే, ఇద్దరి మాటా నిజంలాగే ఉంది.

తెల్లవారి, సముద్రం మీద వెళ్ళేవాళ్ళను కాచే మాజు అమ్మవారి గుడికి వెళ్ళింది. నెలవంకల్లాంటి రెండు కొయ్యముక్కలు చేతుల్లో పట్టుకుని, "తల్లీ, కొడుక్కి కీడు రాకుండా కూతురి దగ్గరికి వెళ్ళిరానా?" అని నేల మీదికి వదిలింది. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే సరేనన్నట్టు. రెండూ వెల్లకిలా పడ్డాయి. అంటే అమ్మవారు అవుననీ కాదనీ అనకుండా నవ్వింది. మళ్ళీ వేసింది. మళ్ళీ నవ్వు.

గుడి చూసుకునే ముసలి బూలియాంగ్ నోరు ఊరుకోదు. "రెండు ప్రశ్నలు ఒక దాంట్లో కలిపితే నవ్వక ఏం చేస్తుంది వదినా? విడివిడిగా అడుగు."

"నా పిల్లలిద్దరూ రెండు ప్రశ్నలటయ్యా నీకు?" అని గయ్యిమంది. ఆ కోపంలోనే ఏడుపొచ్చింది.

అయినా విడదీసింది. కూతురి దగ్గరికి వెళ్ళనా అంటే అమ్మవారు సరేనంది. కొడుకు సంగతి అడగడానికి ముక్కలు మళ్ళీ తీసుకుంది గానీ చెయ్యి రాలేదు. కీడే అంటే ఇంక కదలడానికి లేదు. అడక్కుండానే వాటిని పళ్ళెంలో పెట్టేసి బయటికొచ్చింది. అమ్మవారిని మోసం చేశానేమోనని ఇంటిదాకా మనసు పీకుతూనే ఉంది.

కొడుకుతో చెప్పకుండా మర్నాడు పొద్దున్నే షియామెన్ పడవెక్కింది. ఒళ్ళో సారా సీసా, అల్లం, నూనె డబ్బా. సగం దూరం పోయాక మా తీరరక్షకుల పడవ ఒకటి పక్కనుంచి వచ్చింది. దాని మీద కమ్మీ పట్టుకుని నిలబడ్డవాడు జియేన్‌హోంగ్. ఎన్నాళ్ళకో కనబడ్డవాడిలా తోచి, చెయ్యెత్తబోయింది. వాడి పక్కన పై అధికారి ఉన్నాడు. ఎత్తిన చెయ్యి దించేసి, స్తంభం చాటుకు జరిగి, కన్నకొడుకు కంటబడకుండా ఒదిగి కూర్చుంది.

కాసేపాగి తొంగి చూస్తే వాడు మొహం అటు తిప్పుకుని ఉన్నాడు. చూసి తిప్పుకున్నాడో, చూడనే లేదో ఆమెకు తెలియలేదు.