మా ఎర్రిస్వామి మామ, కొరియా లెక్కలు

నిన్న పొద్దున పాఠాలు చెప్పడానికి స్కూల్‌కి రెడీ అవుతుంటే చైత్ర ఫోన్ చేసింది.

"అప్ప పోయినాడే. నిద్దట్లోనే."

ఎవరి గురించో చెప్తోంది అనుకున్నా. మొన్న ఆదివారమే మామ నాకు వాయిస్ మెసేజ్ పెట్టాడు, ఉల్లిగడ్డని కొరియాలో ఏమంటారని. యాంగ్‌పా అని రిప్లై ఇచ్చా. బ్లూ టిక్ కూడా పడింది.

ఆ మనిషి లేడంటే ఎలా నమ్మాలి?

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. ఎర్రిస్వామి మామ మా అమ్మకి అన్న. బళ్ళారి కౌల్ బజార్‌లో లారీ ఆఫీసు. మేముండేది కుడతినిలో, అందుకని పీయూసీకి, అంటే ఇంటర్‌కి, నన్ను బళ్ళారిలో మామ ఇంట్లో ఉంచారు. చైత్ర మామ కూతురు, నాన్నని అప్ప అంటుంది. నా క్లాసే, నా బెంచే.

మా ఇద్దరికీ అప్పుడు కొరియా సీరియల్స్ పిచ్చి. చూసి చూసి మాటలు పట్టేశాం. ఇంట్లో రహస్యాలన్నీ ఆ భాషలోనే.

వేరే దారి లేదు మరి. మామకి తెలుగు, కన్నడ, హిందీ, బజార్ ఉర్దూ అన్నీ వచ్చు. ఆయనకి అర్థం కాకుండా మాట్లాడుకోవాలంటే సముద్రాలు దాటాల్సిందే.

అన్నం తింటూ మా మొహాలే చూసేవాడు. "ఏందే అది, కోళ్ళు కొట్లాడినట్ల" అని విసుక్కునేవాడు. అర్థం ఏంటని మాత్రం అడగడు. తన ఇంట్లో తనకి తెలియని భాష ఉందని ఒప్పుకోవాలి కదా!

మాకు తెలియని సంగతి ఏంటంటే, మామ అప్పటికే దొంగచాటుగా నేర్చుకోవడం మొదలుపెట్టాడు.

పొద్దున్నే లారీ టైర్లు రాడ్‌తో కొట్టి గాలి చూస్తారు కదా. హానా, దుల్, సెత్, నెత్ అని కొరియాలో ఒకటీ రెండూ లెక్కపెడుతూ కొట్టేవాడట. డ్రైవర్లు ఏదో మంత్రం అనుకుని ఆ కాసేపూ మాట్లాడేవాళ్ళు కాదట. ఇదంతా తర్వాత తెలిసింది.

సెకండ్ పీయూసీ రిజల్ట్ వచ్చిన రోజు.

ఒక్క సబ్జెక్ట్ పోయినా చదువు చాలు, సంబంధాలు చూస్తానని మామ ముందే చెప్పి ఉన్నాడు. ఆయన మాటంటే మాటే. చైత్రకి మాత్రం బీకామ్ చదవాలని ప్రాణం.

అకౌంటెన్సీలో ఇరవై ఎనిమిది వచ్చింది. పాస్ ముప్పై ఐదు.

సర్వర్ బిజీ అని మామకి అబద్ధం చెప్పాం. హాల్లో ఆయన భోంచేస్తున్నాడు, వంటింట్లో అత్త రొట్టెలు చేస్తోంది. చైత్ర అక్కడే నాకు మార్కులు చెప్పింది, కొరియాలో.

"ఇషిప్పల్."

మామ ఎంగిలి చేత్తోనే లోపలికొచ్చాడు.

"హానా నుంచి యొల్ దాకా పదీ నాకొస్తాది. ఇరవై కూడా వస్తాది, సుముల్. ఈ ఇషిప్పల్ యాడిదే? నా లెక్కలో లేదే?"

ఇన్నాళ్ళూ మా మాటలు వింటున్నాడని ఒక షాక్. ఇప్పుడు జవాబు చెప్తే మార్కులు బయటపడతాయి, అదింకో షాక్. నోరు మూసుకుని ఇంకొన్నాళ్ళు వినుంటే మా రహస్యాలన్నీ దొరికేవి ఆయనకి. కానీ తెలుసుకోకుండా ఉండలేడు. మామ అంటే అదే.

వాళ్ళకి రెండు లెక్కలు ఉంటాయి మామా, వస్తువులకి ఒకటి, డబ్బులకీ ఫోన్ నంబర్లకీ ఇంకోటి అన్నాను.

ఆయనేం ఆశ్చర్యపోలేదు. మనకి నాలుగు లేవా అన్నాడు. ఇంట్లో ఇరవై, తాలూకా ఆఫీసులో ఇప్పత్తు, గ్యారేజీలో బీస్, బ్యాంకులో ట్వెంటీ. ఆ రెండోది చెప్పు మరి అన్నాడు.

తప్పు చెప్పొచ్చు. కానీ అంత ఆశగా చూస్తున్న మనిషికి తప్పు నేర్పడం నా వల్ల కాలేదు. ఇల్, ఇ, సమ్, స... షిప్ దాకా చెప్పా. చైత్ర నా చెయ్యి పిండేస్తోంది.

మామ వేళ్ళు మడిచాడు. ఇ అంటే రెండు, షిప్ అంటే పది, పల్ అంటే ఎనిమిది. ఇరవై ఎనిమిది! మొహం వెలిగిపోయింది.

తర్వాత కూతురి వైపు చూశాడు.

"ఇరవై ఎనిమిది ఏందే?"

చైత్ర ఏడ్చేసింది. పెనం మీద రొట్టె మాడిపోయింది. మామ అక్కడే పీట మీద కూర్చుండిపోయాడు. ఇక దీని చదువు అయిపోయింది అనుకున్నా.

ఈ రెండు లెక్కలూ ఎవరు నేర్పించారని అడిగాడు. నేనే నేర్చుకున్నా అప్పా అంది చైత్ర.

"నేను ఇన్ని దినాలు తన్నుకుంటే ఒకటే వచ్చె. రెండూ నేర్చినదానికి ఏడు మార్కులు రావా? మళ్ళా రాయి."

రాసింది. పాసైంది. బీకామ్ కూడా అయింది. ఇవాళ బళ్ళారిలోనే ఒక ఆడిటర్ దగ్గర పనిచేస్తోంది.

సప్లిమెంటరీకి తను చదువుతుంటే మామ పక్కనే కూర్చుని మాటలు అడిగేవాడు. నీళ్ళకేమంటారు, ఉప్పుకేమంటారు. జొన్నల్ని సుసు అంటారని తెలిసినప్పుడు, అక్కడ కూడా జొన్నలు పండుతాయా అని రెండ్రోజులు అదే ధ్యాస. అక్కడ కూడా నాన్నని అప్పా అంటారని తెలిసినప్పుడైతే డ్రైవర్లందర్నీ పిలిచి చెప్పాడు.

అన్నిటికన్నా ఆయనకి నచ్చింది ఒకటుంది. కొరియాలో వీడ్కోలుకి పోయేవాళ్ళు ఒక మాట చెప్తారు, ఉండిపోయేవాళ్ళు ఇంకో మాట చెప్తారు. రోజూ ఆఫీసుకి వెళ్తూ మామ తన మాట చెప్పేవాడు, వాకిట్లోంచి చైత్ర తన మాట చెప్పేది.

నిన్న సాయంత్రం ఆయన్ని శ్మశానానికి ఎత్తినప్పుడు చైత్ర మామూలుగా చెప్పే మాటే చెప్పింది, గట్టిగా.

"అన్యోంగీ గసేయో, అప్పా."

చుట్టాలందరూ తిరిగి చూశారు. ఎవరికీ అర్థం కాలేదు.

వాళ్ళందరి కోసం చెప్తున్నా. శాంతిగా పో అని దానర్థం. మన ఇళ్ళల్లో ఎవర్నీ ఉత్త పో అని పంపం, పోయి రా అంటాం. ఆ మాటలో 'రా' లేదు.

శాంతిగా పో, మామా.