ఇరవై ఒక్క మీటర్లు

మా కాలేజీ మెట్ల పక్కన పెట్టబోయే నల్ల గ్రానైట్ పలక మీద పది పేర్లు పడతాయి. పదకొండోది పట్టదు. ఆబిడ్స్‌లో రాతి మీద అక్షరాలు చెక్కే ఆయన దుకాణంలో స్టూలు మీద కూర్చుని ఆ లెక్క నేనే వేశాను. పలక ఎత్తు ముప్ఫై అంగుళాలు. శీర్షికకి ఆరు, పైనా కిందా అంచులకి కలిపి నాలుగు. మిగిలిన ఇరవైలో వరుసకి రెండు అంగుళాలు. అంతకన్నా తగ్గిస్తే మెట్లెక్కే పిల్లలకి కనిపించదు.

ఆటల్లో కాలేజీకి పేరు తెచ్చినవాళ్లలో పదిమందిని ఎంచి ఆ పలక మీద చెక్కించాలని యాజమాన్యం అనుకుంది. ఎంచే పని ఆటలు నేర్పిన మా పాత పీడీ సార్‌కి అప్పజెప్పారు. ఆయన రిటైరై మూడేళ్లయింది. ఆయన నాకు ఫోన్ చేశారు.

"నీ కాడ నోటుబుక్కులు ఉన్నయి గద బిడ్డా. జర రా."

నేను కాలేజీ తరఫున వంద మీటర్లు కూడా పరిగెత్తినవాణ్ణి కాదు. సివిల్ డిప్లొమా చదివి, డిగ్రీకి ఆ కాలేజీలో చేరాను. సున్నం గీతలు గీయడం, టేపు పట్టడం, దూరాలూ టైములూ పుస్తకంలో రాయడం వచ్చు కాబట్టి మూడేళ్లు జట్టుతో తిరిగాను. ఇప్పుడు లక్డీకాపూల్‌లో ఒక సర్వే ఆఫీసులో పని. జీవనం కూడా కొలతల మీదే. జీపీవో వెనక సందులో, రెండో అంతస్తులో గది. గదిలో ఒక మంచం, ఒక బల్ల, ఒక కుర్చీ. రెండో కుర్చీ కొందామని రెండేళ్ల నుంచి అనుకుంటున్నాను. ఇంకా అవసరం పడలేదు.

సారూ నేనూ ప్రతి శనివారం సాయంత్రం నాంపల్లి స్టేషన్ ఎదురుగా ఉన్న ఇరానీ హోటల్లో కూర్చునేవాళ్లం. నేను ల్యాప్‌టాప్‌లో పట్టిక తయారు చేశాను. ఎవరికి అర్హత ఉందో తేల్చడానికి మూడు నిబంధనలు పెట్టాను: ఒకటి, యూనివర్సిటీ జట్టులో ఆడి ఉండాలి, లేదా కాలేజీ రికార్డు రెండేళ్లన్నా నిలిచి ఉండాలి; రెండు, దానికి కాగితం రుజువు ఉండాలి; మూడు, రికార్డయితే ఎక్కడ, ఎలా కొలిచారో తెలిసి ఉండాలి. మూడోది సార్‌కి అర్థం కాలేదు. "గా నియమం నీకోసం పెట్టుకున్నవ్" అన్నారు.

మెడ కింద ఎముక విరిగినా చెప్పకుండా ఫైనల్ ఆడిన కబడ్డీ కెప్టెన్ మీద గొడవే రాలేదు. జావెలిన్ లేక వెదురు బొంగుతో నేర్చుకున్న అమ్మాయి మీదా రాలేదు. పలక డబ్బు ఇస్తున్న పెద్దమనిషి మీద వచ్చింది. ఆయన కూడా మా పాత విద్యార్థే. తన పేరు ఉంటే బాగుంటుందని ఎవరితోనో అనిపించాడు. రికార్డులు వెతికితే ఆయన గెలిచింది ఒక్కటే, కాలేజీ డే నాటి గోనెసంచి పందెం.

"గోనెసంచిల దుంకినోణ్ణి గ్రానైట్ మీద ఎక్కిస్తమా?" అన్నారు సార్, ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో ముంచుతూ.

"కింద అంచులో దాత అని వేద్దాం సార్. అర అంగుళం మిగులుతుంది."

"అరంగుళం సాలు. ఆయన దుంకింది గూడ గంతే."

పని రెండు శనివారాల్లో అయిపోవాల్సింది. నేను ఒక్కో సందేహాన్ని వచ్చే వారానికి అట్టిపెట్టి నాలుగు వారాలకి పైగా లాగాను. ఈ సంగతి సార్‌కి తెలిసే ఉంటుంది.

నాలుగో వారం నా పట్టికలో ఒక్క గడి మిగిలింది. పదిహేను వందల మీటర్ల పరుగు. ఒక కుర్రాడు, టైము నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు. స్థలం: నుమాయిష్ మైదానం లోపలి రోడ్డు, మూడు రౌండ్లు. ఎవరు కొలిచారు అన్న చోట నా పొడి అక్షరాలు. నా నోటుబుక్కులో ఉందని నేనే దాన్ని పట్టికలోకి ఎక్కించాను.

వాడు నా స్నేహితుడు. కాలేజీలో ఇంకెవరినీ ఆ మాటతో పిలిచినట్టు గుర్తు లేదు. ఉస్మాన్‌గంజ్‌లో వాళ్లది ధనియాలు, ఎండుమిర్చి టోకు దుకాణం. వాడు పొద్దున్నే గౌలిగూడ నుంచి నాంపల్లి దాకా పరిగెత్తుకుంటూ వచ్చేవాడు, నేను స్టాప్‌వాచ్ పట్టుకుని సైకిల్ మీద వెంట పడేవాణ్ణి. నన్ను "ఇంజినీర్ సాబ్" అని ఏడిపించేవాడు. పరుగు అయ్యాక ఒక చాయ్, రెండు సాసర్లు.

ఆఖరి సంవత్సరం వాళ్ల నాన్న తేల్చి చెప్పాడు. యూనివర్సిటీ సెలక్షన్‌కి కాలేజీ పంపిస్తే ఇంకో రెండేళ్లు ఉరుకు. పంపకుంటే సోమవారం నుంచి దుకాణంలో కూర్చో. పంపాలంటే పదిహేను వందలు నాలుగు నిమిషాల పది సెకన్ల లోపు పరిగెత్తాలన్నది సార్ నియమం. ఆ వారం స్టేడియం ట్రాక్ ఏదో సభ కోసం మూసేశారు. పేర్లు పంపడానికి గడువు దగ్గర పడింది. దానికి బదులు, ఏటా ఎగ్జిబిషన్ జరిగే నుమాయిష్ మైదానంలో ఐదు వందల మీటర్ల రౌండు కొలవమని సార్ నాకు చెప్పారు.

అమ్మ కుట్టుమిషన్ సొరుగులోంచి తెచ్చుకున్న గుడ్డ టేపుతో సైకిల్ చక్రం చుట్టుకొలత తీశాను. రెండు మీటర్ల ఏడు సెంటీమీటర్లు. ఐదు వందల మీటర్లకి రెండు వందల నలభై ఒకటిన్నర చుట్లు. చక్రానికి ఎర్ర దారం కట్టి, లెక్క పెడుతూ సైకిల్ నడిపించి, రౌండు ఎక్కడెక్కడ తిరగాలో పసుపు రంగు గుర్తులు వేశాను. ఆ లెక్క నాకు ఎంత నచ్చిందంటే, నోటుబుక్కులో దాని చుట్టూ డబ్బా గీశాను.

ట్రయల్‌కి ముందు వాడు ఒంటి వేడి కోసం నెమ్మదిగా ఒక రౌండు తిరిగి వచ్చి నా దగ్గర ఆగాడు.

"అరే మామా, గీ రౌండు జర పొడుగు కొడ్తలేదా?"

"నేను కొలిచాను. ఐదు వందలు. సందేహమే లేదు."

"నా కాళ్లకు ఎక్కువ అనిపిస్తుందిరా."

"నీ కాళ్లకి భయం పట్టుకుంది" అన్నాను. పక్కనున్నవాళ్లు నవ్వారు. వాడూ నవ్వాడు.

నాలుగు నిమిషాల పన్నెండు. రెండు సెకన్లు ఎక్కువ. సార్ వాచీ నాకూ చూపించారు, వాడికీ చూపించారు. వాడు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని చాలాసేపు వంగి నిలబడ్డాడు. సోమవారం నుంచి దుకాణానికి వెళ్లాడు. పొద్దున చాయ్‌కి రాలేదు. పరీక్షలకి వచ్చినప్పుడు తల ఊపాడు. గొడవేమీ జరగలేదు. గొడవ జరిగి ఉంటే సర్దుకోవడానికి ఒక దారన్నా ఉండేది. ఆ తరవాత ఏడేళ్లలో మేమిద్దరం మాట్లాడుకోలేదు.

నా మూడో నిబంధన ప్రకారం ఆ గడిని సరిచూడాలి. మిగతావాటికి స్టేడియం పత్రాలున్నాయి, దీనికి నా మాట తప్ప ఏమీ లేదు. ఒక ఆదివారం పొద్దున ఆఫీసులో అడిగి తెచ్చుకున్న కొలత చక్రంతో నుమాయిష్ మైదానానికి వెళ్లాను. నా పసుపు గుర్తులు చాలావరకు పోయాయి గానీ, గోడ అంచున మొదలు గీతా, స్తంభాల మొదట్లో మలుపు గుర్తులూ లీలగా ఉన్నాయి. రౌండు కొలిచాను. ఐదు వందల ఏడు. చక్రం సున్నాకి తెచ్చి మళ్లీ కొలిచాను. మూడోసారి ఎదురు దిశలో కొలిచాను. ఐదు వందల ఏడే.

గదికి వచ్చి పనిముట్ల పెట్టెలోంచి అమ్మ టేపు తీసి, స్టీలు స్కేలు పక్కన బల్ల మీద పరిచాను. టేపులో మీటరు, స్కేలు మీద మీటరుకి సెంటీమీటరున్నర అవతల ఆగింది. ఏళ్ల తరబడి జాకెట్లు కొలిచీ కొలిచీ గుడ్డ సాగిపోయింది. సాగిన టేపు ప్రతిదాన్నీ ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. డిప్లొమాలో మొదటి సెమిస్టర్ పాఠం అది. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

మూడు రౌండ్లకి ఇరవై ఒక్క మీటర్లు ఎక్కువ. ఆ వేగంతో పదిహేను వందలకి తిప్పి లెక్కిస్తే నాలుగు నిమిషాల ఎనిమిదిన్నర సెకన్లు. నాలుగు రకాలుగా లెక్క వేశాను. ఏ రకంగా వేసినా వాడు నెగ్గాడు.

శనివారం సార్‌కి చెప్పాను. ఆయన కప్పు కింద పెట్టేశారు.

"ఇప్పుడేమంటవ్? వాని పేరు పెట్టుమంటవా?"

"అర్హత ఉంది సార్."

"నీ నియమం నువ్వే చూస్కో. యూనివర్సిటీకి ఆడలె. రికార్డంటవా, పదిహేను వందల ఇరవై ఒక్క మీటర్ల పందెం ఏ పుస్తకంల ఉంది?"

అప్పటికే చూసుకున్నాను. నా కొలత తప్పు కాకపోయి ఉంటే వాడు రెండు సెకన్లతో ఓడినవాడు. తప్పయింది కాబట్టి, అది లెక్కలోకే రాని పరుగు. పట్టిక తయారు చేసింది నేనే, అందులో వాడికి ఎటు చూసినా గడి లేదు.

"ఇంకో వారం ఆగితే స్టేడియం తెరిచేటోళ్లు" అన్నారు సార్. "నేను ఆగలె. పేర్లు పంపి చేతులు దులుపుకున్న." తరవాత నా వైపు చూశారు. "వానికి చెప్పినవా?"

"లేదు సార్."

"మరి నాకెందుకు ముందుగాల చెప్తున్నవ్?"

మర్నాడు ఆఫీసుకి సెలవు. ఉస్మాన్‌గంజ్ దుకాణాలు ఆదివారం కూడా ఒంటిగంట దాకా తెరిచి ఉంచుతారని వాడే ఒకప్పుడు చెప్పాడు. వెళ్లాను. మిర్చి ఘాటుకి సందు మొదట్లోనే దగ్గు మొదలైంది. వాడు గద్దె మీద కూర్చుని ఉన్నాడు. కొంచెం లావయ్యాడు. నన్ను చూసి లేవబోయి మళ్లీ కూర్చున్నాడు.

"ఏంది ఇంజినీర్ సాబ్. తొవ్వ తప్పినవా?"

చెప్పాల్సింది కాగితం మీద వరసగా రాసుకుని వెళ్లాను. కాగితం తియ్యకుండానే చెప్పేశాను. టేపు, చక్రం, ఇరవై ఒక్క మీటర్లు, నాలుగు నిమిషాల ఎనిమిదిన్నర. మధ్యలో ఒకాయన ధనియాల ధర అడిగితే వాడు చెప్పాడు, బస్తా కాంటా ఎక్కించాడు, ముల్లు కుదిరేదాకా చూశాడు, దింపించాడు. ఆయన వెళ్లాక నా వైపు తిరిగాడు.

"నాలుగు ఎనిమిదిన్నరనా?"

"అవును."

"లాస్ట్ రౌండ్‌ల నాకు దమ్ము లేకుండె అనుకున్న. ఏడేండ్ల సంది గదే చెప్తున్న అందరికి. ఎవరన్న స్పోర్ట్స్ ముచ్చట తీస్తే, మనకు దమ్ము లేదన్నా, పైసలు లెక్కపెట్టుడే వస్తదని."

"తప్పు నాది."

"టేపు సాగుతదిరా. మా కాంటా గూడ తప్పుతది, ఏటా సర్కారోళ్లతోని ముద్ర ఏపిస్తం. గది గాదు." వాడు గద్దె మీద రాలిన ధనియాలు అరచేత్తో ఒక పక్కకి ఊడ్చాడు. "నేను అడిగిన గద నిన్ను. పొడుగున్నదిరా అని. నీ కాళ్లకు భయం అన్నవ్. అందరు నవ్విన్రు."

పలక గురించి చెప్పాను. పదో వరుస కోసం మళ్లీ మాట్లాడి చూస్తానని, లెక్కంతా రాసి సంతకం పెట్టి ఇస్తానని చెప్పాను.

"ఏం రాస్తవ్? కొలత తప్పుడుతోని ఓడినోడు అనా? వద్దు. దుకాణంకొచ్చే ప్రతోడు అడుగుతడు." కాంటా మీది దుమ్ము తుడిచాడు. "నీకంత ఉంటే గాడ గీత సరిగ్గ గీయి. ఎవడన్న పిలగాడు దాని మీదికెళ్లి ఉరుకుతుంటడేమో."

"గీస్తాను. వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికి. నువ్వూ రా."

"సూస్త" అన్నాడు. ఇంకొకాయన మిర్చి అడగడానికి వచ్చాడు.

పలక మీదికి పది పేర్లు వెళ్లిపోయాయి. పదో వరుసలో యూనివర్సిటీకి ఆడిన ఒక ఖోఖో అమ్మాయి. ఆమెకి అన్ని అర్హతలూ ఉన్నాయి. ఫైలు చివర నేనొక పేజీ చేర్చాను: కొలత తప్పిన తీరు, సరైన టైము, వాడి పేరు బదులు చెస్ట్ నంబరు, కింద నా సంతకం. సార్ చదివి పక్కన తన సంతకం కూడా పెట్టారు. ఆ పేజీ ఎవరూ తెరవరని ఇద్దరికీ తెలుసు. శనివారాలు అయిపోయాయి.

ఆదివారం ఆరింటికి ఐదు నిమిషాల ముందే నుమాయిష్ మైదానంలో ఉన్నాను. స్టీలు టేపు, సుద్ద, పసుపు ఎనామిల్ రంగు డబ్బా, బ్రష్షు. ఫ్లాస్కులో చాయ్, రెండు కప్పులు. మొదలు చోటు కదపకుండా, మూడో రౌండు ముగిసే గీతని పాత దానికి ఇరవై ఒక్క మీటర్లు ఇవతల గీయాలి. ముందు సుద్దతో గుర్తు పెట్టాను. ఆరుంబావు దాకా ఆగాను. ఆరున్నర దాకా ఆగాను. గేటు వైపు నుంచి పరుగు చప్పుడు వినిపిస్తే తల తిప్పాను. ఎవరో కుర్రాళ్లు, చెవుల్లో ఇయర్‌ఫోన్లతో.

ఏడు అవుతుంటే మూత తీసి గీత గీయడం మొదలుపెట్టాను. టేపు రెండో కొస పట్టుకునేవాళ్లు లేక దాని మీద రాయి పెట్టాను. సగం గీశాక, రోజూ నడకకి వచ్చేలా ఉన్న ఒక పెద్దాయన, మంకీ క్యాప్ పెట్టుకుని నా పక్కన ఆగాడు.

"ఏంది తమ్మి, రోడ్డు తవ్వుతున్నరా మళ్ల?"

"లేదండీ. ఇక్కడ కొలత తప్పింది. సరిచేస్తున్నాను."

"ఎంత తప్పింది?"

"ఇరవై ఒక్క మీటర్లు."

ఆయన పాత గుర్తు వైపు చూశాడు, కొత్త గీత వైపు చూశాడు.

"గింతేనా" అని, తడి రంగు అంటకుండా దాటుకుని వెళ్లిపోయాడు.